పడే రాయికి చెయ్యడ్డం పెట్టొద్దన్న మేస్త్రీ

మా మేస్త్రీ పోయాడని పుంగనూరు నుంచి ఆయన కొడుకు ఫోన్ చేసేసరికి మేము లారీ నుంచి గ్రానైటు పలకలు దించుతున్నాం. గుండెపోటట. తెల్లవారుజామున మంచం మీదే ప్రాణం పోయిందట. ఆ మాట వినగానే నాకు మొదట ఏమనిపించిందో తెలుసా? పోనీలే, రాయి కింద పడి కాదు కదా అని. ఆ తర్వాతే ఏడుపొచ్చింది.

కుప్పం దగ్గర మా పాలిష్ ఫ్యాక్టరీలో అందరం పల్లెల నుంచి వచ్చినవాళ్ళమే. చిన్నప్పటి నుంచి శెనక్కాయల మూటలు, టమోటా బాక్సులు మోసినవాళ్ళం. ఏదైనా ఒరిగిందంటే భుజం అడ్డం పెట్టడమే మాకు తెలిసిన పని. మూటకైతే అది చెల్లుతుంది. మనిషెత్తు గ్రానైటు పలకకు చెల్లదు. ఆపబోయినవాణ్ణి కూడా అది తన కిందే పడుకోబెడుతుంది. ఇంతకుముందు పనిచేసిన చోట మేస్త్రీ తన తమ్ముణ్ణి అలాగే పోగొట్టుకున్నాడు. ఆ సంగతి ఒక్కసారే చెప్పాడు. మేమూ మళ్ళీ అడగలేదు.

మా అలవాటు మాన్పించడానికి ఆయన పడిన తంటాలు అన్నీ ఇన్నీ కావు. మేము టీ తాగుతుంటే పక్కన ఒక చెక్కను నిలబెట్టి, చెప్పకుండా మా మీదికి తోసేవాడు. చెయ్యి చాపామా, అయిపోయినట్టే!

"యాలప్పా పట్టుకుంటావు? అదేమన్నా నీ బిడ్డా? పడనీ!" అని అందరి ముందూ కడిగేసేవాడు.

నాకైతే ఒళ్ళు మండేది. ఈ వయసులో నాతో ఈ ఆటలేమిటని సణుక్కునేవాణ్ణి.

ఒక వానాకాలం మధ్యాహ్నం లారీ టైరు బురదలో ఒక పక్కకు దిగబడింది. లారీలో పలకలు ఆనించే ఇనుప స్టాండు మీదున్న పలక మెల్లగా, చప్పుడు లేకుండా, నా వైపు ఒరగసాగింది. "పట్టుకోండప్పా!" అని ఓనరు గేటు దగ్గర నుంచి అరిచాడు. నా చేతులు అప్పటికే లేచాయి.

"వద్దు! పక్కకు దూకు!" అని మేస్త్రీ కేక.

జీతమిచ్చేవాడి మాట వినాలా, ఈయన మాటా? నేను తేల్చుకునేలోపే చేతులు వాటంతట అవే వెనక్కి వచ్చాయి. దూకాను. నేను నిలబడిన చోటే పలక పడి ముక్కలైంది.

"ఎక్స్‌పోర్టు సరుకప్పా అది! నలుగురూ చెయ్యేసుంటే నిలబడిండేది గదా!" అని ఓనరు ఎగిరాడు.

మేస్త్రీ వచ్చి నాకూ ఓనరుకూ మధ్య నిలబడ్డాడు. "రాయి కొండలో ఇంగొకటి ఉండాది సార్. ఈయప్ప బిడ్డలకు నాయన ఇంగొకడు యాడుండాడు?"

అంతటితో ఊరుకోలేదు. "నేను అరిసి ఎన్నాళ్ళు కాపాడేది? రాయి ఒరిగే పనే లేకుండా సెయ్యాల" అని పట్టుబట్టాడు. స్టాండుకు రెండు వైపులా ఇనుప కమ్మీలు వెల్డింగ్ చేయించి, లారీ నిలిచే చోట సిమెంటు వేయించేదాకా ఒక్క పలకనూ దించనివ్వలేదు. ఈ రోజు నేను నా పిల్లల పక్కన కూర్చుని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే అది ఆయన చలవే.

వాళ్ళ ఊళ్ళో పాడె మోసినవాళ్ళలో సగం మంది మేమే. శ్మశానానికి పోవాలంటే వాన నీళ్ళు పారే వంక దిగి దాటాలి. రాత్రి వానకు దారంతా బురద. ముందున్నవాడి కాలు జారింది. పాడె ఒక్కసారిగా నా వైపు ఒరిగింది. "పైలం!" అని ఎవరో అరిచారు. మాలో ఒక్కడూ పక్కకు దూకలేదు. అందరం భుజాలు అడ్డం పెట్టాం.

ఆయన తల జారి నా చెంపకు ఆనింది. యాలప్పా పట్టుకుంటావని కసురుతాడేమోనని ఆ మొహం వైపే చూస్తూ వంక దాటాను.