ప్రెకారియా అనే మాట నేర్చుకున్న సాయంత్రం

మొన్న నంద్యాలలో మా మేడ మీద అద్దెకుంటున్న నర్సమ్మాయి, తన ఉద్యోగం మార్చి దాకానేనని, ఆ తర్వాత ఉంచుతారో పొమ్మంటారో తెలియదని బట్టలారేస్తూ చెప్పి డ్యూటీకి వెళ్లిపోయింది. అది విని నా నోటికి తెలుగు మాట కాకుండా, ఎప్పుడో ఆళ్లగడ్డలో నేర్చుకున్న ఇటలీ మాటొకటి వచ్చింది. వినేవాళ్లెవరూ లేరు గనుక పైకే అనుకున్నాను, ప్రెకారియా అని.

మన కాలంవాళ్లకు గుర్తుండే ఉంటుంది, కాంట్రాక్టు లెక్చరరంటే కాలేజీలో సగం మనిషి. నేను ఆళ్లగడ్డలో ఒక శిల్పి గారింట్లో గది తీసుకుని, రోజూ బస్సులో నంద్యాల వెళ్లి ఇంగ్లీషు చెప్పి వచ్చేదాన్ని. వేసవి సెలవుల ముందు మమ్మల్ని తీసేసి, కాలేజీ తెరిచాక మళ్లీ పిలిచేవారు. ఈసారి పిలుస్తారో లేదోనన్న దిగులుతోనే ఎండాకాలమంతా గడిచేది. ఒక యేడు రాతిపని నేర్చుకోవడానికి ఇటలీ నుంచి నా ఈడుదే ఒకామె వచ్చి, మా పక్క గదిలో దిగింది. ఆమె ఇంగ్లీషు శిల్పికీ, ఆయన తెలుగు ఆమెకూ చెప్పడం నా పనైంది. ఆ ఊళ్లో నాకున్న స్నేహం కూడా అదే.

ఆ యేడు కాలేజీ తెరిచిన రోజు వెళ్తే, నా చోట పర్మనెంటు మనిషి చేరిందని ప్రిన్సిపాలు కూర్చోమనకుండానే చెప్పేశారు. సరిగ్గా అప్పుడే నాకొక సంబంధం కుదిరేలా ఉంది. వాళ్లు అడిగింది ఒక్కటే, ఉద్యోగం పర్మనెంటేనా అని. ఈ యేడు పర్మనెంటు అయిపోతుందని మా నాయన వాళ్లకు చెప్పి ఉన్నాడు. శిరివెళ్ల మీదుగా తిరిగొస్తున్నంతసేపూ ఆయనకెలా చెప్పాలా అన్న ఆలోచనే.

ఇంటికి చేరి, లోపలికి వెళ్లబుద్ధి కాక వాకిట్లో రాళ్ల మధ్యే కూలబడ్డాను.

“ఏందమ్మా, ఈడనే కూచుండావ్?” అన్నాడు శిల్పి.

“ఉద్యోగం పోయిందన్నా.”

ఆయన ఉలి కింద పెట్టేసి దగ్గరకొచ్చి కూర్చున్నాడు. ఇటలీ ఆమె వచ్చి నా పక్కన కూర్చుని, అంతా విని, ప్రెకారియా అంది. అర్థం కాలేదంటే, రాతిముక్కల మీద నిలబెట్టిన సగం చెక్కిన విగ్రహాన్ని వేలితో తాకింది. అది కాస్త ఊగింది. నిలకడ లేనిదాన్ని అలా అంటారట. రేపు ఉంటుందో ఊడుతుందో తెలియని ఉద్యోగాన్నీ, ఆ భయంతో బతికే మనిషినీ అదే మాటతో పిలుస్తారట, మగవాడైతే ప్రెకారియో. అలా చెప్పి తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది. తమ ఊళ్లో తనూ అలాంటి టీచరేనట, తిరిగి వెళ్లేసరికి పని ఉంటుందో లేదోనట.

నేను తెలుగులో చెప్పగానే శిల్పి ఆశ్చర్యపోయాడు. “ఆ దేశంలోనూ ఇదేనా! మనకొక్కరికే అనుకుంటి గదమ్మా.”

ఎందుకో ముగ్గురమూ నవ్వాం. నాకు నవ్వులోనే ఏడుపొచ్చింది. అన్నాళ్లూ అది నా చేతకానితనమే అనుకున్నదాన్ని. దానికొక పేరుందని, ఆ పేరుతో బతికేవాళ్లు ఎక్కడెక్కడో ఉన్నారని తెలిసి ధైర్యం వచ్చి, ఆ సాయంత్రమే నాయనకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. “పోనీలేమ్మా, నిజమే చెప్తా వాళ్లకు,” అన్నాడాయన. సంబంధం తప్పిపోయింది. వానలు తగ్గాక ఆమె వెళ్లిపోయింది; కొన్నేళ్లు కార్డులు వచ్చి, తర్వాత అవీ ఆగిపోయాయి. నేను నంద్యాలకు మారి, ఒక ప్రైవేటు కాలేజీ తర్వాత మరొకదానిలో పాఠాలు చెబుతూ ఒంటరిగానే ఇంతదూరం వచ్చాను.

అప్పుడు మనం సిగ్గుతో దాచుకున్న సంగతిని ఇప్పుడెవరూ దాచుకోవడం లేదు, అందరి బతుకూ అదే అయినందుకేమో. నాకిప్పుడు సొంత ఇల్లుంది, పొమ్మనేవారు లేరు. అయినా, బతుకు ఎటు ఒరుగుతుందో తెలియని ఆ సాయంత్రం ఉన్నంతమంది మళ్లీ ఎప్పుడూ నా పక్కన కూర్చోలేదు.