సోమవారం ఊపిరి

డాక్టరు విశ్వేశ్వరయ్యకు శాలువా కప్పిన రోజునే కృష్ణకుమారికి తెలిసింది, వైద్య పత్రికలో అచ్చయిన ఆయన వ్యాసంలోని కొలతలన్నీ తనవేనని.

ఆదోనిలో ఆయన ఆసుపత్రిలో ఆమె తొమ్మిదేళ్లుగా నర్సు. జిన్నింగు మిల్లులో పత్తి దుమ్ము పీల్చే ఆడవాళ్ల చేత గొట్టంలో ఊదించి, ఎవరి ఊపిరి ఎంతో రెండేళ్లు నోటుబుక్కులో రాసింది ఆమే. వాళ్లలో ఆమె తల్లి బసమ్మ కూడా ఉంది. ఎమ్మిగనూరులో మగ్గం మూలబడ్డాక మిల్లుకు వచ్చిన మనిషి. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకుంటుంది.

వ్యాసంలో తన పేరు లేకపోతే లేకపోయింది. వ్యాసం చివరి మాట ఆమె కడుపులో నిప్పు పోసింది: పత్తి దుమ్ముతో ఊపిరికి హాని లేదు. మిల్లు యజమాని డాక్టరుకు వియ్యంకుడు. ఆ కాగితం చూపించే బసమ్మను పనిలోంచి ఉత్త చేతులతో పంపించారు.

"ఇట్లెట్ల రాసినారు సార్?" అని కృష్ణకుమారి డాక్టరును నిలదీసింది.

"నువ్వు నర్సువి. సూది ఎక్కడ వేయాలో చూసుకో. రీసెర్చి నీకేం తెలుసు?"

"నేర్చుకుంటా సార్."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఆమె మర్చిపోలేదు.

ఉద్యోగాలు చేసే నర్సులకూ ఫార్మసిస్టులకూ బెంగళూరులో క్లినికల్ రీసెర్చి పీజీ ఉంది. మొదటిసారి ప్రవేశపరీక్ష తప్పింది. రెండోసారి చేరింది. నెలకు రెండు వారాంతాలు రైలెక్కేది. ఒకరోజు అనురాధ మేడం క్లాసులో అంది: "ఎవరిని కొలిచారో చూడటం చాలదు. ఎప్పుడు కొలిచారో చూడండి."

కృష్ణకుమారి సంచిలోంచి వ్యాసం తీసింది. అన్నీ శనివారం కొలతలే! పత్తి దుమ్ము ఆదివారం సెలవు తర్వాత సోమవారమే ఛాతీని పట్టేస్తుంది. వారం గడిచేకొద్దీ సడలుతుంది. ఆమె సోమవారం, శనివారం రెండు రోజులూ కొలిచింది. ఆయన సోమవారాలను పారేశాడు.

వెంటనే అరవలేదు. కొట్టిపారేయలేని ఫిర్యాదు ఎట్లా రాయాలో నేర్చుకునేదాకా, ఇంకో ఏడాది ఆయనకు రోజూ నమస్కారం పెట్టింది.

పత్రికకు రాసిన ఫిర్యాదు చదివి అనురాధ అడిగింది: "ఆ ఆడవాళ్ల చేత అనుమతి సంతకాలు తీసుకున్నారా?"

"లేదు మేడం."

"అయితే మీ తప్పు కూడా రాయండి."

రాసింది. మునిగితే ఆయన్నీ లాక్కునే మునుగుతా అనుకుంది.

పత్రికవాళ్లు అసలు కొలతలు పంపమన్నారు. డాక్టరు మొదటిసారి ఆమె ఇంటికొచ్చాడు. "కుమారీ, ఆ నోటుబుక్కు ఒక్కసారి ఇవ్వమ్మా."

"ఇచ్చేసినా సార్. మీకు కాదు, వాళ్లకు."

"నా పరువు పోతుందమ్మా."

"మాయమ్మకు ఊపిరే పోతాండాది సార్."

బసమ్మ నీళ్లచెంబు తేబోయింది. కూతురు చూసిన చూపుకు ఆగిపోయింది. ఇంటికొచ్చిన మనిషి గొంతు తడవకుండానే గడప దిగిపోయాడు.

అయిదు నెలలకు పత్రిక వ్యాసాన్ని ఉపసంహరించి, కారణం అచ్చేసింది. అందులో కృష్ణకుమారి తప్పు కూడా ఉంది. ఆసుపత్రి ఆమెను తీసేసింది. ఆయన సభలకు పోవడం మానేశాడు గానీ, ఆయన గది ముందు రోగులు తగ్గలేదు.

"ఆయప్పను తలొంచుకునేట్ల చేసినావు," అంది బసమ్మ, దగ్గు మధ్య. "మిల్లులో దుమ్ము అట్లనే ఉండాది గదే."

నిజమే. ఇప్పుడామె తను చదివిన బెంగళూరు సంస్థ తరఫున మళ్లీ మిల్లుల చుట్టూ తిరుగుతోంది. ముందు అనుమతి కాగితం చదివి వినిపిస్తుంది, వేలిముద్ర వేయించుకుంటుంది, తర్వాతే గొట్టం ఇస్తుంది.

ఆ పెద్దాయన మీద ఎప్పుడైనా జాలేసిందా అని అనురాధ ఒకసారి అడిగింది.

"లేదు మేడం," అంది కృష్ణకుమారి, క్షణమైనా ఆలోచించకుండా.