మోకాలెత్తు గడప

మొన్న మా వీధిలో ఇల్లు కడుతూ ఎండకి కాగిన ఇటుకల మీద నీళ్ళు చల్లారు. ఆ వాసన ముక్కుకి తగలగానే సుగుణమ్మగారు గుర్తొచ్చారు. ఎనభైల మొదట్లో నందిగామలో ఒక వృద్ధాశ్రమాన్ని ఆవిడ నడిపేవారు. నేనక్కడ పనికి కొత్త, కోతలకి పాత. "ఇక్కడికొచ్చినవాళ్ళు ఇక్కడే పోవాలని ఎక్కడ రాసుందయ్యా?" అనేవారావిడ. ఒంట్లో కాస్త సత్తువ రాగానే ఒక్కొక్కరినీ ఇంటికి చేర్చేవారు. అందుకో పద్ధతి ఉండేది. ముందు ఆ ఇంటికి మనిషిని పంపి, గడప ఎత్తు తాడుతో కొలిపించి ముడి వేయించేవారు. ఆ ఎత్తుకే మా వసారాలో ఇటుకలు పేర్పించి, కాళ్ళు కాలకుండా నీళ్ళు చల్లించి, ముసలివాళ్ళ చేత రోజూ దాటించేవారు.

చిల్లకల్లు రత్తమ్మ తుంటి విరిగి మూడేళ్ళుగా మా దగ్గరుంది. ఆమె కూతురు జగ్గయ్యపేట వైపు మిరపకాయలు కోయడానికి కూలికి వెళ్ళేది. "పగలు ఇంట్లో ఎవరం ఉండమండీ. తనంతట తాను గడప దాటగలిగితే రేపే తీసుకుపోతా" అంది. కొలతకి నన్ను పంపారు. లారీ ఎక్కి, డ్రైవరుకి నేను పులిని తరిమిన కథ ఎత్తుకున్నా. కథలో పులి అలిసేసరికి చిల్లకల్లు దాటిపోయి, గరికపాడు ధాబాలో రొట్టెలు తింటున్నాం. తిరిగొచ్చేటప్పుడు దిగడానికి బద్ధకమేసి, తాడుకి తోచినచోట ముడేసా.

"గడప మోకాలెత్తుందండీ! మేకలు కూడా ఆలోచించి దూకుతాయి" అన్నా సుగుణమ్మగారితో.

పదకొండు రోజులు రత్తమ్మ ఆ ఇటుకలతో కుస్తీ పట్టింది. పన్నెండో రోజు కూలబడి, "నేనిటొచ్చాక గడప ఎత్తు చేసుంటారు. నా ఇల్లే నన్ను రానివ్వదంటే ఏం చేస్తాం బాబూ. నా మంచం ఎవరికైనా ఇచ్చెయ్యమని మా అమ్మాయికి చెప్పు" అంది. తిన్నగా వెళ్ళి సుగుణమ్మగారి ముందు నిజం కక్కేసా.

ఆవిడ కేకలెయ్యలేదు. "అయితే ఇన్నాళ్ళూ ఆవిడ నీ కోత దాటలేక ఏడ్చిందన్నమాట. వెళ్ళి ఆవిడకే చెప్పు" అన్నారు.

చెప్పా. "నీ నోట్లో మన్నుబొయ్య! ఇంటి మీద ఆశే వదిలేసుకున్నా గదరా!" అని రత్తమ్మ చేతికర్ర ఎత్తింది. అది దిగేలోపు చిల్లకల్లు బస్సెక్కా. తీరా చూస్తే గడప జానెడు కూడా లేదు.

ఆ వారమే తీసుకెళ్ళాం. రత్తమ్మ కర్ర మీద బరువాన్చి, అలవాటు కొద్దీ మోకాలు పైకెత్తి మరీ గడప దాటింది. "ఏందే అమ్మా, గుర్రమెక్కుతున్నావా?" అంది కూతురు. రత్తమ్మ వెనక్కి తిరిగి బయటికొచ్చింది. మళ్ళీ లోపలికెళ్ళింది. మళ్ళీ బయటికొచ్చింది. "నువ్వు టీ పెట్టమ్మా, మీ అమ్మ ఇప్పట్లో ఆగేట్టు లేదు" అన్నారు సుగుణమ్మగారు.

కోతలు నేనింకా మానలేదు. మానితే అన్నం సయించదు. కానీ ఏ ముసలాయనైనా "బస్టాండు ఎంత దూరం బాబూ" అని అడిగితే మాత్రం నోటికొచ్చింది చెప్పను. ఆయన అడుగులో అడుగేసుకుంటూ పక్కనే నడిచి, దగ్గరుండి బస్సెక్కిస్తా.