లెక్కలోకి రాని డోసు

పెద్ద సిస్టర్ ఇక లేరని గురువారం పొద్దున వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. మారేడ్‌పల్లిలో నేను నర్సుగా పనిచేసే పిల్లల క్లినిక్కు తాళం తీసి అప్పుడే లోపలికి అడుగు పెట్టాను. "అమ్మ నిద్రలోనే పోయిందక్కా. రేపు పదకొండింటికి చర్చి" అన్నాడు. సరే నాన్నా అని ఫోన్ పెట్టేసి, టీకాల ఫ్రిజ్జు దగ్గరికి వెళ్ళి టెంపరేచర్ చూసి చార్టులో రాశాను. ఆ తర్వాత స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. ఆవిడ ఉంటే ఆ వరసే చెప్పేవారు: ముందు ఫ్రిజ్జు, తర్వాత ఏడుపు.

క్లినిక్కులో మేమందరం ఆవిడను పెద్ద సిస్టర్ అనేవాళ్ళం. తల్లులు సిస్టరమ్మ అనేవారు. ఇరవై ఎనిమిదేళ్ళు ఒకే గదిలో, టీకాల గదిలో పనిచేశారు. రెండేళ్ళ కిందట మోకాళ్ళు మొరాయించాయని మానేసి, సీతాఫల్‌మండిలో ఇంటిపట్టున ఉన్నారు. తాతల కాలంలో గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం వాళ్ళది. ఆవిడ మాటలో ఆ యాస సగం, సికింద్రాబాద్ పరేషాన్లూ తక్లీఫులూ సగం. మాది భువనగిరి దగ్గర. నేను "గిట్ల" అంటే ఆవిడకు నవ్వు, ఆవిడ "అట్టా" అంటే నాకు నవ్వు.

బిడ్డను ముట్టుకునే ముందు రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకుని వెచ్చబరచుకునేవారు. టీకా వేస్తుంటే వీడియో తీయబోయే తండ్రులతో, "ముందు బిడ్డ కాలు పట్టుకోండి నాయనా, ఫోను తర్వాత పట్టుకుందురు" అనేవారు. పదకొండింటికి ఎదురు హోటల్ నుంచి చాయ్ వచ్చేది. దాన్ని సాసర్లో పోసుకుని, వెనక వరండాలో కూర్చుని తాగేవారు. బయట ఎంతమంది ఉన్నా ఆ అయిదు నిమిషాలు ఎవరికీ ఇచ్చేవారు కాదు. దేవత అని నేను అనను. కోపం వస్తే దులిపేసేవారు, అదీ తల్లుల ముందే. మొదటి రెండు నెలల్లో నేను బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చిన రోజులున్నాయి.

నేను చేరిన నాలుగో నెలలో, అంటే ఆరేళ్ళ కిందట, డాక్టర్ గారు సూది లేకుండా టీకా ఇచ్చే యంత్రం తెచ్చారు. చూడటానికి లావుపాటి పెన్నులా ఉండేది. లోపల స్ప్రింగు ఉంటుంది. మీట నొక్కితే మందు దారమంత సన్నటి ధారగా చర్మంలోంచి దూసుకుపోతుంది. డాక్టర్ గారు దాన్ని డివైస్ అనేవారు, మేమంతా గన్ను అనేవాళ్ళం. గుమ్మం పక్కన బోర్డు కూడా పెట్టించారు: సూది లేదు, నొప్పి లేదు, ఏడుపు లేదు.

పెద్ద సిస్టర్ ఆ బోర్డు చదివి, "సూది లేదన్నంత వరకు నిజమే సార్. మిగతా రెండూ పిల్లల్నడిగి రాయించారా?" అన్నారు.

"సిస్టర్, పేరెంట్స్ దీనికోసమే వస్తున్నారు. పబ్లిసిటీకి ఆ మాత్రం ఉండాలి" అని ఆయన నవ్వేశారు. తర్వాత నవ్వు ఆపి మా ఇద్దరితో ఇంకో మాట అన్నారు. "దీంతో ఏదైనా తేడా వచ్చిందంటే, అప్పుడు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు ఇంటికే." ఆ మాటంటూ నా వైపే చూశారు. కొత్తదాన్ని కదా.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఆ యంత్రం వచ్చాక నాకు సూది ముట్టుకోబుద్ధి కాలేదు. ఆవిడ మాత్రం కళ్ళజోడు పెట్టుకుని దాని పుస్తకం మూడు రోజులు చదివారు. నేర్పడానికి వచ్చిన కంపెనీ కుర్రాణ్ణి ఒకటే ప్రశ్న అడిగారు. "బిడ్డ చర్మానికి తగిలే ముక్క ఏది? అది ప్రతి బిడ్డకూ కొత్తదేనా?" అతను ముందు భాగంలో బిగించే ప్లాస్టిక్ సిరంజి చూపించాడు. ఒకరికి వాడింది మళ్ళీ వాడకూడదన్నాడు. అప్పుడు గానీ ఆవిడ కుదుటపడలేదు.

ఎందుకంత పట్టింపు అని నేనడిగితే చెప్పారు. ఆవిడ ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు పాఠం చెప్పిన టీచరమ్మ ఒక పాత సంగతి చెప్పిందట. వెనకటి కాలంలో ఇలాంటి గన్నులుండేవి, కానీ వాటికి మూతి ఒకటే. వరసగా నిలబెట్టి అదే మూతి అందరి చేతులకూ ఆనించేవారు. కంటికి కనపడని నెత్తురు తుంపర దానికంటుకుని, ఒకరి కామెర్లు ఇంకొకరికి పోయాయి.

"సూది లేదుగా, నెత్తురెక్కడిది అనుకున్నారు అప్పటోళ్ళు. చర్మంలో దారి పడకుండా మందు లోపలికి ఎట్టా పోద్దమ్మాయ్? దారంటూ పడ్డాక నెత్తురు బయటికి రాదా? సూది పోయింది, జాగ్రత్త పోలా."

అప్పట్నుంచి ప్రతి తల్లి కళ్ళముందే కొత్త సిరంజి కవరు చింపేవారు. నేను మరిచిపోతే చేతిమీద ఒక్కటిచ్చేవారు.

ఆ యంత్రానికి ఇంకో గుణం ఉంది. పిట్ట కొంచెం, కూత ఘనం. మీట నొక్కగానే టప్పుమంటుంది. నొప్పి కంటే ముందు ఆ చప్పుడుకే పిల్లలు ఉలిక్కిపడతారు. సరిగ్గా ఆ క్షణంలో చెయ్యి కదిలితే చర్మం గీరుకుపోతుంది, మందు లోపలికి పోకుండా బయటికి కారుతుంది. పైగా సూది కనపడదు కాబట్టి తల్లులు బిడ్డను గట్టిగా పట్టుకోరు. చప్పుడు అలవాటు చేద్దామంటే ఖాళీ యంత్రాన్ని పేల్చకూడదు, పాడవుతుంది. అందుకని ఆవిడ నాలుకతో టప్పు టప్పుమని చప్పుడు చేసేవారు. బిడ్డ నోరు తెరిచి చూసేది, తర్వాత నవ్వేది. అయిదో టప్పో ఆరో టప్పో యంత్రానిది. ఇవాళ పొద్దున కూడా నేను అదే చేశాను. ఆవిడంత బాగా నాకు ఇప్పటికీ రాదు.

ఇక నేను చేసిన పని చెప్పాలి.

ఒకరోజు ఆవిడ వెనక వరండాలో చాయ్ తాగుతున్నారు. గదిలో నేనొక్కదాన్నే. తొమ్మిది నెలలు నిండిన పాపను తట్టు టీకాకు తీసుకొచ్చారు. తల్లి, నానమ్మ, బయట ఆటోలో సామాను. "మా ఆయన పని కాజీపేటకు మారింది మేడం. మధ్యాహ్నం బండికి పోతున్నం. పోయే ముందల టీకా ఇప్పిచ్చుకోని పోదమని వచ్చినం. పోయినేడు మా ఆడిబిడ్డ పిలగానికి తట్టు పోసి శాన పరేషాన్ అయిన్రు" అంది తల్లి. తొందరపడ్డాను. నాలుకతో చప్పుడు చెయ్యలేదు. "సూది లేదమ్మా, ఏం గాదు" అని నేనే అన్నాను. ఆ మాటకు తల్లి పట్టు వదులు చేసింది.

టప్పుమంది. పాప చెయ్యి గుంజుకుంది. ఎర్రటి గీత పడింది, మందు మోచేతి దాకా కారింది. ఒక చుక్క తడి మామూలే. ఇది చుక్క కాదు, సగానికి పైగా బయటే ఉంది. నేను దూదితో తుడిచాను. కార్డు మీద టిక్కు కొట్టి సంతకం చేశాను. టీకా తర్వాత అరగంట కూర్చోబెట్టాలి. బండి ఉందని వాళ్ళంటే అదీ వదిలేసి పంపించాను.

ఆవిడ వచ్చీ రాగానే ట్రే చూశారు. "ఇదేంటమ్మాయ్, దూది ఇంత తడిసింది?"

"జెర రక్తం వచ్చింది సిస్టర్."

ఆవిడ పట్టకారుతో దూది ఎత్తి వెలుగులో పెట్టి చూశారు. "నీళ్ళలాంటి రక్తం ఎక్కడైనా ఉంటదా?"

అంతా చెప్పేశాను. సార్‌కు తెలిస్తే నన్ను తీసేస్తాడని ఏడ్చాను. అప్పుడు మా ఇంట్లో జీతం నా ఒక్కదానిదే.

"నీ ఉద్యోగం సంగతి సాయంత్రం చూద్దాం. పాప సంగతి బండి కదిలేలోపు చూడాలి" అన్నారు. "టిక్కు పడ్డ డోసును ఇక ఎవరూ అడగరమ్మాయ్. అక్కడి సిస్టర్ కార్డు చూసి, ఇదైపోయిందిలే అని పంపించేస్తది. ఆ బిడ్డకు రేపు తట్టు పోస్తే, టీకా వేయించినా వచ్చిందే అనుకుంటారు."

రిజిస్టర్లో ఉన్న నంబరు పాప తండ్రిది. రెండుసార్లు చేసినా ఎత్తలేదు. ఆవిడ వరండాలోకి వెళ్ళి డాక్టర్ గారికి ఫోన్ చేశారు. ఆయన వేరే ఆస్పత్రిలో రౌండ్స్‌లో ఉన్నారు. చాలాసేపు ఆవిడ వింటూనే ఉన్నారు. లోపలికి వచ్చి, "మళ్ళీ ఇమ్మన్నారు. ఇవ్వాళే అయితే ఇవ్వచ్చు. దాటితే నాలుగు వారాలు ఆగాలి. పద" అన్నారు.

"నన్నేమన్నడు సిస్టర్?"

"నిన్నేమీ అనలా."

ఆటోలో స్టేషన్‌కు వెళ్ళాం. ప్లాట్‌ఫారం టికెట్ కొని, ఆవిడ మోకాళ్ళు పట్టుకుంటూ వంతెన మెట్లెక్కారు. మెట్టు మెట్టుకూ ఆగుతుంటే, నేను ముందు పోతా సిస్టర్ అన్నాను. "నువ్వొక్కదానివే పోతే చెప్పవు" అన్నారు. నిజమే, చెప్పేదాన్ని కాదేమో. ప్లాట్‌ఫారం మీద మూటల మధ్య వాళ్ళు కనపడ్డారు. పాప నిద్రపోతోంది.

"చెప్పు" అన్నారు పెద్ద సిస్టర్.

చెప్పాను. మందు లోపలికి పోలేదని, చూసి కూడా దాచానని, కార్డు మీద ఉన్నది అబద్ధమని.

"ఏంది మేడం గిది? మాకు సదువు రాదనా, అడగమనా?" అంది తల్లి. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మరుక్షణం, "అయితే ఈడనే ఇయ్యిన్రి. బండి ఇంకా రాలె గదా" అంది.

"ఇక్కడ కుదరదమ్మా" అన్నారు పెద్ద సిస్టర్. "సూది లేకపోయినా మందు మందే. ఇచ్చాక అరగంట మా కళ్ళముందు ఉండాలి. బండి కదిలాక బిడ్డకేమన్నా అయితే ఎవరు చూస్తారు? మీ బండి తప్పుద్ది, తెలుసు. తప్పు మాది, తక్లీఫ్ మీకు. కానీ రండి."

తల్లి పట్టాల వైపు చూసింది. నానమ్మే లేచి మూట భుజాన వేసుకుంది. "బండ్లకేం కరువు, ఇంకోటి వస్తది. పా."

క్లినిక్కులో తల్లి నా వైపు చూడకుండా, "ఈసారి పెద్దామెనే ఇయ్యాలె" అంది. పెద్ద సిస్టర్ పాత టిక్కు మీద అడ్డంగా గీత గీసి, ఈ డోసు లెక్కలోకి రాదు అని రాశారు. బిడ్డను ఎలా పట్టుకోవాలో తల్లికి చూపించారు, నాలుకతో టప్పు టప్పుమన్నారు, ఇంకో చేతికి టీకా ఇచ్చారు. నేను దూది పట్టుకుని నిలబడ్డాను. అరగంట అయ్యాక వాళ్ళు సాయంత్రం బండికి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం డాక్టర్ గారు వచ్చి నన్ను ఒక్క మాట అనలేదు. ఇకనుంచి గదిలో ఇద్దరు లేకుండా టీకా ఇవ్వొద్దన్నారు. మర్నాడు బోర్డు మీద సూది లేదు అన్నది తప్ప మిగతాది తీయించేశారు. నన్ను క్షమించారనుకున్నాను. ఆవిడ నా తరఫున బతిమాలి ఉంటారనుకున్నాను. ఆరేళ్ళు ఆయన దగ్గర ఆ కృతజ్ఞతతోనే పనిచేశాను. పండక్కి సెలవు అడగడానికి కూడా సిగ్గుపడేదాన్ని.

శుక్రవారం చర్చిలో డాక్టర్ గారిని నాలుగు మాటలు మాట్లాడమన్నారు. ఆయన మైకు ముందు కళ్ళు తుడుచుకున్నారు. "ఇరవై ఎనిమిదేళ్ళలో సిస్టర్ చెయ్యి ఒక్కసారే తప్పింది. ఒక పాపకు ఇచ్చిన టీకా కారిపోయింది. దాచుకోవచ్చు. కానీ ఆవిడే ఫోన్ చేసి, సార్, పొరపాటు జరిగింది, బాధ్యత నాది అన్నారు. నేను చాలా మాటలన్నాను. వయసైపోయింది, కళ్ళు ఆనకపోతే మానేయండి అన్నాను. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. అంత నిజాయితీ."

నా పక్కన కూర్చున్నవాళ్ళు తలలూపుతున్నారు. నాకు కోపం వచ్చింది, దాచడమెందుకు, శవపేటిక వైపు చూస్తుంటే ఆవిడ మీదే కోపం వచ్చింది. ఒక పాప కార్డులో అబద్ధం మిగలకూడదని నన్ను స్టేషన్ దాకా లాక్కెళ్ళిన మనిషి, నా విషయంలో మాత్రం తప్పుడు టిక్కు అలాగే ఉంచేసి వెళ్ళిపోయింది. నాకు దొరికిందనుకున్న క్షమ నాకెవరూ ఇవ్వలేదు. నాకు పడాల్సిన తిట్లు ఆవిడ తిన్నారు. నేను అడిగి ఉంటే చెప్పేవారేమో. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా నేను అడగలేదు.

సమాధుల తోటలో పెట్టెను దించారు. పాస్టరు గారు ప్రార్థన ముగించి అందర్నీ మట్టి వెయ్యమన్నారు. జనం వంగి పిడికెడు పిడికెడు తీసుకున్నారు. నేనూ తీసుకున్నాను. ఉద్యోగం గుర్తొచ్చింది, అబద్ధం చెప్పను. అయినా నోరు తెరిచాను.

"అయ్యగారూ, ఒక్క నిమిషం. సార్ చర్చిల చెప్పిన ఆ చెయ్యి సిస్టర్‌ది కాదు, నాది. టీకా కారబెట్టింది నేను. తుడిచి దాచింది నేను. ఆమె చెయ్యి ఒక్కసారి సుత తప్పలె."

గొయ్యికి అటువైపు డాక్టర్ గారు, ఇటువైపు వాళ్ళబ్బాయి, చుట్టూ ఆవిడ చేతులమీద టీకాలు వేయించుకుని పెద్దవాళ్ళయిన పిల్లలు. అందరూ నన్నే చూస్తున్నారు. అందరి పిడికిళ్ళలో మట్టి అలాగే ఉంది.