మాఫీ చెయ్యని వెయ్యి రూపాయలు

అండాలమ్మ దగ్గర చీరకు ఫాల్ కుట్టించుకున్న వాళ్ళెవరూ ఆమెను మెతక మనిషి అనరు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మెట్ల కింద మిషన్ పెట్టుకుని, పద్దెనిమిదేళ్ళుగా చీరలకు ఫాల్, అంచులకు పికో కుడుతూ వచ్చింది. చెప్పిన రోజుకు చీర ఇస్తుంది, చెప్పిన రేటుకు పైసా తగ్గించదు. నేను ఎన్నోసార్లు బేరమాడి భంగపడ్డాను.

ఎల్బీనగర్ వెనక ఒక సందులో ఆమెకు ఒంటిగది ఇల్లు, దాని ముందు ఆరడుగుల ఖాళీ జాగా ఉన్నాయి. అక్కడ రేకులు వేసి మిషన్ పెట్టుకుంటే మెట్ల కింద కిరాయి తప్పుతుందని ఆమె ఆశ. పునాది తవ్విన మర్నాడే పక్కింటి మట్టయ్య కోర్టుకెక్కాడు. ఆ ఆరడుగులూ తన కారు వెళ్ళే దారి అట. అప్పటికి ఆయనకు కారే లేదు. ముందు పని ఆపించే స్టే తెచ్చుకుని, తర్వాత కారు కొన్నాడు.

స్టే చేతిలో ఉన్నవాడికి తొందరేముంటుంది? వాయిదా వస్తే మట్టయ్యకు జ్వరం, లేదంటే ఆయన సాక్షికి జ్వరం. ఐదేళ్ళు ఇదే తంతు. ప్రతి వాయిదాకీ అండాలమ్మ మిషన్ మూసి, కోర్టు వరండాలో బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చునేది.

కిందటేడు కొత్తగా వచ్చిన జడ్జికి ఓపిక నశించింది. మట్టయ్య వకీలు మళ్ళీ వాయిదా అడిగితే ఇచ్చాడు గాని, అందుకు అవతలి పక్షానికి వెయ్యి రూపాయలు ఖర్చుల కింద కట్టమన్నాడు. అవి కట్టేదాకా దావా ముందుకు నడపనివ్వనని కూడా రాశాడు.

బయటికి రాగానే అండాలమ్మ వకీలు సంధ్యారాణి నవ్వుతూ చెప్పింది.

"ఇట్లాంటివి మేం వసూలు చెయ్యమమ్మా. ఇయ్యాల వాళ్ళకు మనం మాఫీ చేస్తే, రేపు మనకు వాళ్ళు చేస్తరు."

"ఒద్దు మేడమ్," అంది అండాలమ్మ. "ఐదేండ్ల సంది నా దినాలన్నీ గా బెంచి మీదనే పోయినయి. ఒక్క దినానికన్న ధర కట్టిండు గా సారు. నేనెట్ల మాఫీ చేస్త?"

ఈ సంగతి నాకు చెప్తున్నప్పుడు కూడా ఆమె కత్తెరను బల్ల మీద ఠప్పున పెట్టింది. కోపంతోనే.

మట్టయ్యకు వెయ్యి రూపాయలు లెక్క కాదు. మాఫీ అవుతుందిలే అని తర్వాతి వాయిదాకు ధీమాగా వచ్చాడు. కాలేదని తెలిసేసరికి పౌరుషం పొడుచుకొచ్చింది. ఆయన వకీలు చెవిలో ఎంత నచ్చజెప్పినా వినలేదు.

"పికో కుట్టేదాని చేతిల నేను పైసలు పెట్టుడేంది సార్? నేను కట్ట," అని జడ్జి ముందే అన్నాడు.

జడ్జి గొంతు పెంచలేదు. పదిహేను రోజులు గడువిచ్చాడు. ఆ పదిహేను రోజులూ మట్టయ్య సందులో మీసం మెలేస్తూ తిరిగాడు. పదహారో రోజు దావా కొట్టేశారు. దాంతో స్టే పోయింది. పైగా అండాలమ్మ పెట్టుకున్న కోర్టు ఖర్చులన్నీ, వకీలు ఫీజుతో సహా పదిహేడు వేలు, మట్టయ్యే కట్టాలని తీర్పు. వెయ్యి రూపాయల దగ్గర పుట్టిన పౌరుషం ఆరడుగుల జాగానూ, పదిహేడు వేలనూ పట్టుకుపోయింది. ఈ కబురు ఫోనులో విని నేను మెట్రోలో అందరి మధ్యా గట్టిగా నవ్వేశాను. ఎవరేమనుకుంటే నాకేం, అంత సంతోషం వేసింది.

నెల తిరక్కుండా ఆమె ఇంటి ముందు రేకులు పడ్డాయి, మిషన్ వచ్చింది. నేను చీరల సంచితో వెళ్ళిన రోజే మట్టయ్య డబ్బు తెచ్చాడు. కట్టకపోతే కారు జప్తు చేస్తారని ఆయన వకీలు భయపెట్టాడట. అండాలమ్మ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని, రశీదు రాసి, సంతకం చేసి ఆయన చేతికిచ్చింది.

"ఇగ అయిపోయినట్టేనా అండాలూ?" అన్నాడాయన, అక్కడే నిలబడి.

"అయిపోయింది మట్టయ్యన్నా. జర పక్కకు జరుగు, గిరాకి వచ్చింది. నువ్వు నిలవడ్డది నా జాగ."