భిలాయి సెక్టర్ ఆరులో చెల్లెలి గొంతు కోసం పరిచిన తీగలు

కొన్ని నెలలుగా సాయంత్రం ఆరున్నరకి నేను చేస్తున్న పని చెబితే మీరు తిడతారు. ఒక అన్నాచెల్లెళ్ల మాటలు వింటున్నాను. లైసెన్సు తీసుకుని ఇంట్లోంచే మాట్లాడుకునే హామ్ రేడియోలో ఎవరు మాట్లాడినా ఎవరైనా వినవచ్చు కాబట్టి నేరమేమీ కాదు లెండి. భిలాయి ఉక్కు కర్మాగారంలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన అప్పలనాయుడుగారు, బొబ్బిలిలో ఉన్న చెల్లెలు పార్వతిగారిని ఎనభై మీటర్ల బ్యాండులో పిలుస్తారు. ఆవిడ వెంటనే జవాబిస్తారు. విశాఖపట్నంలో నా సెట్టులో ఇద్దరూ శుభ్రంగా వినిపిస్తారు. ఆయనకు మాత్రం ఆవిడ వినిపించరు. "ఒట్టి రొదేనమ్మా, ఏటీ ఇనబడ్డం లేదు. రేపు సూద్దాం" అని కట్టేస్తారు. ఆవిడ కట్టెయ్యరు. వినబడదని తెలిసి కూడా ఇంకో పది నిమిషాలు ఆ రోజు సంగతులన్నీ చెప్పుకుపోతారు. కిందటి వారం నాయుడుగారు, ఆదివారమే ఆఖరనీ, సోమవారం యాంటెన్నా తీగ దించేసి సెట్టు ఎవరికైనా ఇచ్చేస్తాననీ అన్నారు. నాకు ఇక కూర్చోబుద్ధి కాలేదు. తెలిసిన హామ్ మిత్రుల ద్వారా నంబరు సంపాదించి, ఆదివారం వస్తున్నానని చెప్పేశాను.

విశాఖ నుంచి విజయనగరం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా వెళ్లే రాత్రి బండి పట్టుకుంటే తెల్లారేసరికి రాయపూర్, కాస్సేపటికి భిలాయి. స్లీపర్ టికెట్టు నాలుగు వందల లోపే. ప్లాంటు కాలనీ సెక్టర్లకు వెళ్లేవాళ్లు దుర్గ్ దాకా పోనక్కర్లేదు, పవర్ హౌస్ స్టేషన్లో దిగితే దగ్గర. మీ బండి అక్కడ ఆగుతుందో లేదో మాత్రం ముందే చూసుకోండి. నేను ఎనిమిదింటికి దిగి, స్టేషన్ బయట వేడివేడి అటుకుల పోహా, జిలేబీ లాగించి, నూట ఇరవైకి ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవరు అక్కడి క్యాంప్ 2 బస్తీ కుర్రాడు. తాతగారిది శ్రీకాకుళమట.

"సెక్టర్ సిక్స్‌లో తార్‌వాలే అంకుల్, ఆ తీగలాయన ఇల్లేనా? మాలూమ్ హై దీదీ. ఈ బ్యాగ్ ఇంత భారీ ఉందేటి?"

"తీగ బాబూ. రాగి తీగ, వంద మీటర్లు."

"తీగలు తయారయ్యే భిలాయికి బయటినుంచి తార్ తెస్తారా ఎవరైనా!" అని దారంతా నవ్వుతూనే ఉన్నాడు. నాకూ నవ్వాగలేదు.

నాయుడుగారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. టీ అయినా తాగనివ్వకుండా పెరట్లోకి తీసుకెళ్లి తన ఎర్తింగు చూపించారు. చూడాల్సిందే! ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన గొయ్యి, అందులోంచి రెండు వేళ్ల వెడల్పు ఇనుప పట్టీ, అది వెళ్లి వరసలోని ఆరు క్వార్టర్లకూ నీళ్లిచ్చే పైపుకు బోల్టుతో బిగించి ఉంది. "రొద మొదలయినప్పుడు పట్టీ ఏసాను. తగ్గలేదు. గొయ్యి తవ్వాను. ఇంకా పెరిగింది. పైపుకి కలిపీసాను. ప్లాంటులో ఏ మిషనుకి గోల వచ్చినా ముందు ఎర్తు సూడమనే నేర్పారు మాకు" అన్నారు గర్వంగా. జబ్బు ఏమిటో నాకు అర్థమైపోయింది. ముప్పై అయిదేళ్లు ఎర్తింగులు వేసిన మనిషికి మీ ఎర్తింగే దొంగ అని ఎలా చెప్పడం?

చెప్పకుండా చూపించాను. ఇంటి మెయిన్ ఆపించి, సెట్టును బ్యాటరీ మీద పెట్టాను. సెట్టులో రొద ఎంతుందో చూపే మీటరు సూది తొమ్మిది దాటి ఊగుతూనే ఉంది. అంటే రొద ఆయన ఇంట్లోది కాదు. తర్వాత యాంటెన్నాకు కలిపిన ఎర్తు తీగ విప్పాను. సూది అమాంతం నాలుగు దగ్గర పడింది! నేను చిన్నపిల్లలా కేక పెట్టాను. నాయుడుగారు మాత్రం తీగను మళ్లీ తగిలించి, మళ్లీ విప్పి, మూడుసార్లు చూశారు.

"నా ఎర్తే తెస్తన్నాదా ఇదంతా?"

"మీ ఎర్తు దాని పని అది చేస్తోందండీ. కరెంటు నుంచి మిమ్మల్ని కాపాడుతోంది. కానీ ఈ యాంటెన్నాకు తీగ సగం, నేల సగం. ఆ రెండో సగాన్ని మీరు ఆ పైపు ద్వారా ఆరిళ్ల ఇన్వర్టర్లకూ, ఎల్‌ఈడీ బల్బులకూ కలిపేశారు. కింది బ్యాండ్లలో వాటి గోలే ఎక్కువ."

ఆయన విప్పిన తీగ కొసను వేళ్ల మధ్య తిప్పారు. "అంటే ఇన్నాళ్లూ నానే నా సెవులు మూసుకున్నానన్నమాట" అన్నారు చివరికి. నాకు బాధేసింది. మరుక్షణం ఆయనే కటింగ్ ప్లయర్ అందుకుని "పట్టు తల్లీ, ఏటి సెయ్యాలో సెప్పు" అన్నారు.

సెట్టుకున్న రక్షణ ఎర్తు కదపలేదు. యాంటెన్నా మొదలును ఇంటి గోడ నుంచి పెరటి చివరకు జరిపాం. తెచ్చిన తీగను ఎనిమిది ముక్కలు చేసి, అక్కడి నుంచి గడ్డి మీద చక్రం ఆకుల్లా నలువైపులా పరిచాం. యాంటెన్నాకు ఇక ఆ తీగలే నేల. సెట్టు నుంచి యాంటెన్నాకు వెళ్లే కేబులును రెండు చివర్లా, రొదను అడ్డుకునే ఫెరైట్ రింగుల్లోంచి చుట్లు చుట్టి, ఇంటి గోల కేబులు వెంట పాకకుండా కట్టడి చేశాం. మధ్యలో ఆయన భార్య పప్పుచారు, బెండకాయ వేపుడుతో అన్నం పెట్టారు. ఫోన్ ఉందిగా, ఇంత తాపత్రయం ఎందుకని అడిగాను. "ఫోన్లో బాగున్నావా అంటే బాగున్నాననీసి పెట్టీడమే. దీన్లో అయితే అది తీరిగ్గా మాటాడతది" అన్నారు.

సరిగ్గా ఆరున్నరకి ఆయన పిలిచారు. సెట్టులో సన్నటి సర్రుమనే చప్పుడు, దాని మీద స్పష్టంగా పార్వతిగారి గొంతు: "ఇనబడతన్నావన్నయ్యా, బాగా ఇనబడతన్నావు." నాయుడుగారు మైకు పట్టుకున్నారు గానీ, మాట అవతలికి పంపే మీట నొక్కలేదు. మాట్లాడమని నేను సైగ చేస్తే, ఆగమని చెయ్యి ఎత్తారు. రోజూలాగే వినబడలేదనుకుని ఆవిడ మొదలుపెట్టేశారు.

"ఇనబడదులే. అయినా సెప్తన్నాను. మోకాలికి మందు రాసుకోవడం లేదంట, వదిన సెప్పింది. ఆ గోతికి మాత్రం రోజూ బిందెడు నీళ్లు పోస్తావంట. రేపు తీగ దించీగలవు గానీ, ఈ ఏళకి నానిక్కడ కూకుని ఎవరికి సెప్పుకోవాలి? నువ్వు ఇనకపోయినా నీకే కదా సెప్తన్నాను..."

ఆవిడ ఆగేదాకా ఆగి, నాయుడుగారు మీట నొక్కారు. "మందు రాసుకుంటానమ్మా" అన్నారు.

అవతల ఏ చప్పుడూ లేదు. లింకు పోయిందేమోనని నేను కంగారుపడి సెట్టు మీదికి వంగాను. అప్పుడు వచ్చింది చిన్న గొంతు: "అన్నయ్యా... ఎప్పట్నుంచి ఇంటన్నావు?"

"మొదట్నుంచీ."

నేను పెరట్లోకి వచ్చేశాను. కళ్లు తుడుచుకుంటూ ఆ ఎనిమిది తీగల మధ్య పిచ్చిదానిలా గెంతాను.

నాయుడుగారు చేసిన పనిలో ఎక్కడా అశ్రద్ధ లేదు. శ్రద్ధ ఎక్కువయ్యే ఇలా అయింది. తెలిసిన విద్యనే మరింత గట్టిగా బిగించుకుంటూ పోయారు. నేనూ నా ఉద్యోగంలో అదే చేస్తుంటానని తిరుగు బండిలో అర్థమైంది. ఒక్క సలహా చెబుతాను: రొద పెరిగితే ఎర్తుకు ఇంకో కడ్డీ దించకముందే, సెట్టును బ్యాటరీ మీద పెట్టి, యాంటెన్నా వైపు ఎర్తు తీగను ఒక్క నిమిషం విప్పి వినండి. ఉరుములున్న రోజు ఆ జోలికి పోవద్దు, ఇంటి రక్షణ ఎర్తును ఎప్పుడూ తీయొద్దు. సూది చూడటానికి పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకోండి, అది పడిన క్షణంలో అరిచి చెప్పుకోవడానికి మనిషి కావాలి.