చప్పుడు లేని మిషన్

సింగపూర్‌లో మా బెడోక్ బ్లాకు చుట్టూ తొమ్మిదేళ్లు గడ్డి కోసిన మనిషి పోయాడని మొన్న మంగళవారం వాళ్లావిడ ఫోన్ చేసి చెప్పింది. శ్రీకాకుళం దగ్గర వాళ్ల ఊళ్లోనే, నిద్రలో పోయాడట.

నేను అతన్ని అల్లుడూ అని పిలిచేవాణ్ణి. కూతురు లేకుండానే దొరికిన అల్లుడు. పండక్కి బట్టలేవి మామా అని ప్రతి దీపావళికీ అడిగేవాడు. ఒక ఏడాది నా పాత లుంగీ ఇస్తే, కట్టుకుని మరీ వచ్చి చూపించాడు.

అప్పట్లో పెట్రోలు మిషన్. తాడు లాగాడంటే చాలు, మా మనవరాలు పుస్తకం మూసేసేది. ఆ మోతలో ఎవరి పిలుపూ ఎవరికీ వినపడదు. మోత ఆగాక కూడా అతనికి వినపడదని తెలిసింది నా ఒక్కడికే. టీ తాగుతూ అతనే చెప్పాడు. "చెవులు మిషనుకిచ్చీసినాను మామా. తెలిస్తే పంపించేస్తారు. మా చిన్నదాని చదువయ్యేదాకా ఎవలకీ చెప్పకు."

తర్వాత బ్యాటరీ మిషన్లు వచ్చాయి. పొగ లేదు, వాసన లేదు. "సో క్వైట్ లా, తాతా" అని మనవరాలు ఇక్కడి ఇంగ్లీషు యాసలో మురిసిపోయింది. అతని ముఖమే వాడిపోయింది. ఇప్పుడు జనం వెనక నుంచి పిలుస్తున్నారు, అతను తిరగడం లేదు. అందుకని నేను బెంచీ మీద కూర్చుని, ఎవరైనా వస్తే గొడుగు ఎత్తేవాణ్ణి. అతను నా వైపు చూస్తూనే కోసేవాడు. నా బెంచీ ముందు గడ్డి మాత్రం నున్నగా ఉండేది.

ఒక ఉదయం సూపర్‌వైజర్ వచ్చి నా పక్కన కూర్చుని, కొత్త మిషన్ ఎలా ఉందని అడిగాడు. నా నోరు ఊరుకోదు కదా. వచ్చీరాని తమిళంలో, బ్రహ్మాండం, ఇప్పుడు వెనక నిలబడి తిట్టినా మా అల్లుడు పలకడు అన్నాను. నవ్వుతాడనుకున్నాను. అతను లేచి వెళ్లి, వెనక నిలబడి, రెండుసార్లు పేరు పెట్టి పిలిచాడు.

ఆ పైనెల అతని పని పర్మిట్ పొడిగించలేదు. ఎందుకో కంపెనీ అతనికి చెప్పనూ లేదు. "వయసైపోనాది కదా మామా" అన్నాడు పెట్టె సర్దుకుంటూ. నేను తలాడించి, పెట్టె మూత అదిమి పట్టుకున్నాను.

వెళ్లిన రెండు నెలలకి, నా వెనక కిటికీలో వాన పడుతుండగా, వీడియో కాల్ చేశాడు. తెగించి చెప్పేశాను.

"నీ సంగతి బయటపెట్టింది నేనేరా అల్లుడూ."

అతను తలాడించి నవ్వాడు. "ఇక్కడా వానలే మామా" అంటూ ఫోను పెరటి వైపు తిప్పాడు. మోకాలెత్తు గడ్డి మీద వాన పడుతోంది.